రెండు వేల చేతిపట్టీలకు ముందు ఒక టెస్ట్ ఫిక్చర్

ప్రశ్న అడిగిన తమ్ముళ్లిద్దరికీ,

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. గుణుపురంలో ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు రాయగడలో రెండు గదులు అద్దెకు తీసుకుని పనిచేస్తున్నారు. ఫర్నేసుల దగ్గరా ఎండలోనూ పనిచేసేవాళ్లు మణికట్టుకు కట్టుకునే పట్టీ తయారుచేశారు. అది చర్మం వేడి, నాడి వేగం, చుట్టూ గాలి వేడి చూసుకుని, వడదెబ్బ ప్రమాదం దగ్గరపడుతోందనిపిస్తే వణికి హెచ్చరిస్తుంది. అరవై పట్టీలు మీ చేతులతోనే చేసి ఒక కాంట్రాక్టరు మనుషులకు ఇచ్చారు. బాగా పనిచేశాయి. ఇప్పుడు మార్చి నెలాఖరుకి రెండు వేలు కావాలని ఆర్డరు వచ్చింది. సర్క్యూట్ బోర్డు మీద భాగాలు అమర్చే పిక్ అండ్ ప్లేస్ మెషిను కొనమంటారా, ప్లాస్టిక్ కేసుకి డై (లోహపు అచ్చు) చేయించమంటారా, ఎంతమందిని పనిలోకి తీసుకోమంటారు అని అడిగారు.

నేను పర్లాకిమిడివాణ్ణి. ఉద్యోగమంతా హైదరాబాదులోనూ, తర్వాత విశాఖలోనూ బోర్డుల ప్రొడక్షన్ లైన్ల మీదే గడిచింది. ముందు ఒక్క మాట చెప్పేస్తాను, మిగిలినదంతా దానికి వివరణ. మెషిను కొనకండి. డైకి ఇంకా అడ్వాన్సు ఇవ్వకండి. మీ దగ్గరున్న డబ్బుతో మొదట చెయ్యాల్సింది టెస్ట్ ఫిక్చర్, అంటే ప్రతి బోర్డునీ పెట్టి కొలిచి చూసే పరికరం. తయారీ ఎవరిచేతనైనా చేయించుకోవచ్చు. బాగున్న పట్టీ ఏదో, బాగులేనిది ఏదో తేల్చే పని మాత్రం మీరే కట్టుకోవాలి. దాన్ని మీకోసం ఇంకెవరూ కట్టిపెట్టరు.

ఆ అరవై ఎందుకు బాగా పనిచేశాయో ఒకసారి ఆలోచించండి. ప్రతి బోర్డునీ మీలో ఒకరు మైక్రోస్కోపు కింద చూశారు. ఎక్కడైనా సోల్డర్ తక్కువైతే అక్కడికక్కడే సరిదిద్దారు. నాడి సరిగ్గా రాకపోతే సెన్సరు మీద అద్దం కాస్త జరిపి చూశారు. మూత బిగుసుకోకపోతే అంచు గీకారు. ఇవేవీ మీరు రాసిపెట్టుకోలేదు, ఎందుకంటే అవి మీకు పనిలా కూడా అనిపించలేదు. ఆ పట్టీలు నిలబడింది మీ డిజైన్ వల్ల సగం, మీ చేతి నేర్పు వల్ల సగం. రెండు వేలు చేసేటప్పుడు ఆ రెండో సగం ఉండదు. రోజుకి వంద పట్టీలు చేతులు మారుతుంటే, అంచు గీకాలని తెలిసిన మనిషి ప్రతి బల్ల దగ్గరా ఉండడు.

లెక్క కూడా చూడండి. మీ పనిలో ఐదు దశలున్నాయనుకుందాం: బోర్డు, ప్రోగ్రామింగ్, బ్యాటరీ కలపడం, కేసు మూయడం, కాలిబ్రేషన్ (రీడింగుల్ని సరైన కొలతతో పోల్చి దిద్దడం). ఒక్కో దశలో నూటికి 95 సరిగ్గా వస్తున్నాయంటే బాగానే ఉందనిపిస్తుంది. ఐదూ దాటేసరికి తిరిగి ముట్టుకోకుండా బయటికొచ్చేవి నూటికి 77 మాత్రమే. రెండు వేలలో 450 పట్టీలు మళ్లీ విప్పాలి. నీరు పోకుండా జిగురు పెట్టి మూసిన పట్టీని విప్పడమంటే చాలాసార్లు పారేయడమే. అందుకే తప్పు ఏ దశలో పుట్టిందో ఆ దశలోనే దొరకాలి. మూత పడ్డాక దొరికిన తప్పుకి మూడింతలు ఖర్చు. మనిషి చేతికి కట్టాక దొరికితే దానికి వెల కట్టలేం.

ఇక ఫిక్చర్ సంగతి. స్ప్రింగు పిన్నులు గుచ్చిన ఒక పలక, దాని మీద బోర్డుని పెట్టి నొక్కే పిడి, వెనక ఒక చిన్న కంప్యూటరు. అంతే. కానీ అది ఏమేం చూడాలో మీరు కూర్చుని రాయాలి. కరెంటు పెట్టగానే అన్ని వోల్టేజీలూ వచ్చాయా? ప్రోగ్రాం ఎక్కిందా, సీరియల్ నంబరు రాసిందా? బ్లూటూత్ సిగ్నలు బలం ఒక నిర్ణీత దూరంలో ఎంతుంది? వణికే మోటారు తీసుకునే కరెంటు ఎంత? అది తిరుగుతోందా లేదా అని చెవితో వినడం చాలదు, కొలవాలి. ఉష్ణోగ్రత సెన్సరుని పక్కనే పెట్టిన నమ్మకమైన థర్మామీటరుతో కనీసం రెండు చోట్ల పోల్చాలి. ఒకటి గది వేడి దగ్గర, ఇంకొకటి నలభై డిగ్రీల దగ్గర. ఒక్కచోటే పోలిస్తే సెన్సరు వంకర పట్టుబడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది నిద్రలో ఉన్నప్పుడు బోర్డు తాగే కరెంటు. పట్టీ పనిచేయనప్పుడు 20 మైక్రోఆంపుల దగ్గర ఉండాలనుకుందాం. ఒక బోర్డు మీద సోల్డర్ పెట్టేటప్పుడు వాడే ఫ్లక్సు మిగిలిపోయిందో, ఒక కెపాసిటర్ పగిలిందో, 400 మైక్రోఆంపులు తాగుతోంది. ఆ పట్టీ అన్ని పరీక్షలూ పాసవుతుంది. వెలుగుతుంది, వణుకుతుంది, ఫోనుతో మాట్లాడుతుంది. కానీ 100 మిల్లీఆంపవర్ బ్యాటరీ 250 గంటల్లో, అంటే పది రోజుల్లో, అల్మారాలో ఉండగానే అయిపోతుంది. హైదరాబాదులో నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇలాగే జరిగింది. హాజరు బ్యాడ్జీలు వందల్లో పెట్టెల్లోనే చచ్చిపోయాయి. చివరికి తేలిందేమిటంటే, ఒకే పలకగా వచ్చే బోర్డుల్ని చేత్తో విరిచి విడదీస్తుంటే అంచున ఉన్న సిరామిక్ కెపాసిటర్లు కంటికి కనబడకుండా చిట్లుతున్నాయి. పరీక్షలో పని చూశారు గానీ నిద్ర కరెంటు చూడలేదు.

నాడి సెన్సరుకి వేరే చిన్న డబ్బా చేయండి. చర్మంలా వెలుతురుని తిప్పికొట్టే బూడిదరంగు పలక ఒకటి సెన్సరు ముందు పెడితే రీడింగు ఒక హద్దు లోపల రావాలి. పలక తీసేసి పూర్తి చీకట్లో పెడితే దాదాపు సున్నా రావాలి. చీకట్లో కూడా రీడింగు వస్తోందంటే, ఆకుపచ్చ ఎల్‌ఈడీ వెలుతురు అద్దం లోపలినుంచే దొంగదారిన సెన్సరుకి చేరుతోందన్నమాట. అద్దానికి మధ్యలో నల్లటి అడ్డు సరిగ్గా కూర్చోలేదు. ఈ ఒక్క పరీక్ష మీ రిజెక్షన్లలో పెద్ద భాగాన్ని ముందే పట్టేస్తుందని నా అంచనా. మీ పట్టీకి ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఎర్రగా కాలే లోహం ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు విపరీతంగా వదులుతుంది. సెన్సరులో వెలుతురుని పట్టే సిలికాన్ ఫోటోడయోడుకి అది బాగా కనబడుతుంది. గదిలో చక్కగా వచ్చిన నాడి ఫర్నేసు నోటి దగ్గర గందరగోళమవుతుంది. ఎల్‌ఈడీ ఆర్పినప్పుడు ఒక రీడింగు, వెలిగినప్పుడు ఒక రీడింగు తీసుకుని తేడా లెక్కేస్తున్నారా? ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే పూత ఉన్న సెన్సరు వాడుతున్నారా? ఈ రెండూ రెండు వేల బోర్డులు వెళ్లకముందే తేలాలి.

ఫిక్చర్ తయారయ్యాక దాన్నీ పరీక్షించాలి. కావాలని చెడగొట్టిన బోర్డులు ఒక పది చేయండి. ఒకదానికి మోటారు తీగ తెంపండి, ఒకదాని యాంటెన్నా దగ్గర సోల్డర్ పెట్టకండి, ఒకదానిలో నిద్ర కరెంటు పెంచే రెసిస్టర్ అతికించండి. ఫిక్చర్ ఆ పదింటినీ పట్టుకోవాలి. ప్రతి షిఫ్టు మొదట్లో ఒక మంచి బోర్డు, రెండు చెడ్డ బోర్డులు పెట్టి చూశాకే పని మొదలుపెట్టాలి. పిన్నులు అరిగిపోతాయి, తీగలు వదులవుతాయి. ఫిక్చర్ అన్నిటికీ సరే అనడం మొదలుపెట్టినా మీకు తెలియదు. ప్రతి పట్టీ కొలతలన్నీ సీరియల్ నంబరుతో ఫైలులో పడాలి, పాసా ఫెయిలా అన్నది ఒక్కటే కాదు. ఆర్నెల్ల తర్వాత ఒక కార్మికుడు పట్టీ తప్పు చెప్పిందంటే, అది గడప దాటిన రోజు దాని లెక్కలు మీరు తీసి చూపించగలగాలి.

ఇప్పుడు మెషిను ఎందుకు వద్దన్నానో. మీ బోర్డు మీద సుమారు అరవై భాగాలుంటాయనుకుంటే, రెండు వేల బోర్డులకి లక్షా ఇరవై వేల అమరికలు. గంటకి పది వేలు పెట్టే మామూలు లైను మీద అది పన్నెండు గంటల పని. సెటప్పు, మొదటి బోర్డు తనిఖీ కలుపుకుని రెండు మూడు రోజులు. మూడు రోజుల పనికి మెషిను కొని, మిగతా ఏడాదంతా దాన్ని తుడుచుకుంటూ కూర్చోవడం దేనికి? పైగా మెషిను ఒక్కటే సరిపోదు. సోల్డర్ పేస్టుని ఫ్రిజ్‌లో ఉంచాలి, డబ్బా తెరవకముందు గంటల తరబడి గది వేడికి రానివ్వాలి, లేకపోతే దానిమీద తేమ కూర్చుంటుంది. సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఓవెన్ అంచెలంచెలుగా దాన్ని దాటి 240 దాకా వెళ్లి దిగాలి. మధ్యలో కరెంటు పోతే ఓవెన్‌లో ఉన్న పలకలు ఎందుకూ పనికిరావు. ఇక రాయగడలో ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గాలి ఎంత తడిగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సెన్సరు చిప్పుల్లో చాలావరకు ప్యాకెట్ విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ లోపల 168 గంటలే ఆగుతాయి. మన వానాకాలం ఆ లెక్కలోకి రాదు. తేమ పీల్చిన చిప్పు ఓవెన్‌లో లోపలినుంచి చిట్లుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది.

కాబట్టి బోర్డుల వరకు హైదరాబాదులో గానీ విశాఖలో గానీ జాబ్‌వర్కుకి, అంటే కూలికి చేసిపెట్టే ఫ్యాక్టరీకి, ఇచ్చేయండి. ఇచ్చేముందు బోర్డు డిజైన్‌ని లైనుకి తగ్గట్టు సరిచేయండి. పలకకి పది బోర్డులు, మూలల్లో మెషిను కెమెరాకి గుర్తులు, పిన్నులు తగిలేందుకు టెస్ట్ పాయింట్లన్నీ ఒకే వైపు. సిరామిక్ కెపాసిటర్లు విరిచే అంచుకి దూరంగా, ఆ అంచుకి సమాంతరంగా ఉండాలి. పలకని చేత్తో విరవనివ్వకండి, కట్టర్‌తో కోయించండి. భాగాలు మీరే కొనివ్వడం మొదటిసారికి మంచిది. చిన్న రెసిస్టర్లు రీలు మొత్తం కొనాల్సి వస్తుంది, ఐదు వేలో పది వేలో ఉంటాయి, ఖర్చు తక్కువే. ఖరీదైన సెన్సర్లు మాత్రం లెక్క ప్రకారం, వృథాకి కాస్త కలిపి కొనండి. ప్రతి ముఖ్యమైన చిప్పుకీ ప్రత్యామ్నాయం ఏదో ఇప్పుడే తేల్చుకోండి. 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు చిన్న కంపెనీలు ఆగిపోయింది డబ్బు లేక కాదు, ఒక్క భాగం దొరక్క.

రాయగడలో ఉంచుకోవాల్సింది మిగతాదంతా. బ్యాటరీ కలపడం, మూయడం, కాలిబ్రేషన్, ఆఖరి పరీక్ష, ప్యాకింగ్, ముఖ్యంగా రిపేరు. చెడిపోయిన పట్టీ మీ బల్ల మీదికే తిరిగి రావాలి. దాన్ని విప్పి చూసినవాడికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

కేసు సంగతి. ఇప్పుడు త్రీడీ ప్రింటరు మీద చేస్తున్నారన్నారు. నేరుగా ఇంజెక్షన్ డైకి వెళ్లకండి. మొదట రెండు వందల పట్టీలు చేయండి, వాటికి వాక్యూమ్ కాస్టింగ్ కేసులు చాలు. ఒక్కో సిలికాన్ అచ్చు నుంచి ఇరవై దాకా వస్తాయి. ఆ రెండు వందలు ఫర్నేసుల దగ్గర నెలన్నర తిరిగాక కేసులో ఏం మార్చాలో తెలుస్తుంది. ఆ తర్వాతే డై. డై చెక్కాక లోహం తీసెయ్యడం సులువు, మళ్లీ పెట్టడం కష్టం, కాబట్టి అనుమానమున్న చోట లోహం ఎక్కువ ఉంచమని డై మేకరుకి చెప్పండి. డై నుంచి మొదటి షాట్లు (నమూనా కేసులు) సరిగ్గా రావు, రెండు మూడు దిద్దుబాట్లకి సమయం పెట్టుకోండి. భువనేశ్వర్‌లో డైలు చేసే సీటీటీసీ టూల్ రూం ఉంది, ప్లాస్టిక్ ఎంపికకి అక్కడే ప్లాస్టిక్ ఇంజనీరింగ్ సంస్థ సిపెట్ ఉంది. రాయగడలో హిరాఖండ్ రైలు ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. హైదరాబాదులో బాలానగర్ సీఐటీడీ కూడా డైలకి పాత దిక్కు. ముగ్గురి దగ్గరా కొటేషను తీసుకోండి, డ్రాయింగు చూసి ఎవరు ఎక్కువ ప్రశ్నలు అడిగారో వాళ్లకివ్వండి.

చెమటని తక్కువగా చూడకండి. ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఆగిందని, అంతే. ఉప్పు చెమటలో ఏడాది ఆగుతుందని దాని అర్థం కాదు. అడుగున కనబడే ఛార్జింగు బిళ్లల మీద బ్యాటరీ వోల్టేజీ కాస్తయినా ఉందంటే, చెమట తగలగానే విద్యుద్విశ్లేషణ మొదలై వారాల్లో పచ్చగా తుప్పు పడుతుంది. అదే బిళ్ల చర్మానికి తగిలితే పుండు. పట్టీ ఛార్జరు మీద లేనప్పుడు ఆ బిళ్లల మీద వోల్టేజీ సున్నా ఉండేట్టు ఒక స్విచ్ పెట్టండి. జిగురు కొనేటప్పుడు పులుపు వాసన వచ్చే సిలికాన్ వద్దు. అది ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదిలి లోపలి రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని అడిగి తీసుకోండి. అది పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది, కాబట్టి రోజుకి వంద చేస్తే వంద పట్టీలు కదలకుండా ఉండే రాకు కావాలి. రెండు గదుల్లో అది ఎక్కడ పెడతారో ముందే కొలుచుకోండి. మూసిన ప్రతి పట్టీనీ నీళ్లలో ముంచక్కర్లేదు, చిన్న గాలి గదిలో పెట్టి ఒత్తిడి పడిపోతోందా చూస్తే చాలు.

మన ప్రాంతానికి ఇంకో మాట. మలేరియా ఉన్న చోటు కాబట్టి దోమల క్రీములు రాసుకుంటారు. డీఈఈటీ ఉన్న క్రీము కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది, పాలికార్బొనేట్‌ని చిట్లిస్తుంది. కొబ్బరినూనె, క్రీము, చెమట మూడూ రాసి నమూనా కేసుల్ని వారం రోజులు వేడిలో పెట్టండి. చర్మానికి తగిలే పట్టీ, అడుగు పలక చర్మానికి హాని లేదని చూసే ఐఎస్ఓ 10993 ప్రమాణం ప్రకారం పరీక్షించిన పదార్థంతోనే ఉండాలి. సప్లయరు దగ్గర ఆ రిపోర్టు కాగితం అడగండి, మాట తీసుకోకండి.

బ్యాటరీ దగ్గర నేను ఏమాత్రం రాజీపడను. లిథియం పాలిమర్ సెల్లుని 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదు. షిఫ్టు దిగిన మనిషి వేడెక్కిన పట్టీని తెచ్చి రేకుల షెడ్డులో ఉన్న ఛార్జరు మీద పెడతాడు. సెల్లు పక్కనే వేడిని కొలిచే థర్మిస్టరు ఉండి, వేడి తగ్గేదాకా ఛార్జింగు ఆపేది హార్డ్‌వేరే అయ్యుండాలి. సాఫ్ట్‌వేరు హ్యాంగ్ అయినా అది పనిచేయాలి. ఆపరేటరు మూత బిగించేటప్పుడు సెల్లు నలగకుండా కేసులో దానికి గది ఉండాలి, స్క్రూ మొన ఆ వైపు రానేకూడదు. సెల్లు ఉబ్బడానికి కాస్త జాగా వదలండి. బజారులో పేరులేని సెల్లులు సగం ధరకి దొరుకుతాయి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఐఎస్ 16046 రిజిస్ట్రేషను ఉన్నవే కొనండి, రవాణా భద్రతకి చేసే యూఎన్ 38.3 పరీక్ష రిపోర్టు కూడా తీసుకోండి. అది లేకపోతే రవాణావాళ్లు ఎక్కించుకోరు. విడి సెల్లులు విమానంలో వస్తే ఛార్జి 30 శాతం దాటకూడదని నియమం. లారీలో తెప్పించుకోవడమే మేలు. ఉబ్బిన, గుచ్చుకున్న సెల్లులు వేసేందుకు బయట, వాన తగలని చోట ఇసుక బక్కెట్టు ఒకటి పెట్టండి.

అనుమతులు. బ్లూటూత్ ఉంది కాబట్టి వైర్‌లెస్ పరికరాల్ని చూసే కేంద్ర విభాగం డబ్ల్యూపీసీ వాళ్ల ఈటీఏ (పరికరానికిచ్చే అనుమతి) కావాలి. ముందే ధ్రువీకరించిన మాడ్యూలు వాడితే ఇది తేలికవుతుంది. రెండు వేలకి సొంతంగా యాంటెన్నా గీయడం దండగ. స్మార్ట్ వాచీలు బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో ఉన్నాయి. మీ పట్టీ ఆ జాబితాలో పడుతుందా లేదా అన్నది గుర్తింపు పొందిన ల్యాబునే ముందు అడగండి. పరీక్షలకి హైదరాబాదులో ఈటీడీసీ అనే ప్రభుత్వ ల్యాబు ఉంది, విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. పెట్టె మీద రాసే మాటలు జాగ్రత్త. ‘వడదెబ్బని గుర్తిస్తుంది’ అని రాస్తే అది వైద్య పరికరం కిందికి వస్తుంది, 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ వర్తిస్తాయి. ఆ దారిలో వెళ్లడం తప్పేమీ కాదు, నిజానికి మీ పరికరం చివరికి చేరాల్సింది అక్కడికే. కానీ మార్చికి మాత్రం అవదు. ఇప్పటికి విశ్రాంతి తీసుకోమని గుర్తుచేసే పరికరమనే రాయండి, అమ్మేటప్పుడూ అంతే చెప్పండి.

ఇక్కడ అడగని మాట ఒకటి చెబుతాను. ఆ నాడి లెక్కలు ఎవరికి వెళ్తున్నాయి? కొనేది కాంట్రాక్టరు, కట్టుకునేది కూలీ. ఎవరికి ఎక్కువసార్లు పట్టీ వణికిందో చూసి మర్నాటినుంచి వాళ్లని పనిలోకి పిలవకపోతే, రెండో వారానికి పట్టీలన్నీ జేబుల్లోకి పోతాయి. హెచ్చరిక మనిషికే అందాలి. పైవాళ్లకి ‘ఈ షెడ్డులో ఈ పూట ఇన్ని హెచ్చరికలు’ అన్న మొత్తం లెక్క చాలు, పేర్లు అక్కర్లేదు. ఇది డిజైన్‌లోనే పెట్టేయండి, తర్వాత ఎవరు ఒత్తిడి చేసినా ఇవ్వలేని విధంగా. 1998 ఎండల్లో ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. పని ఆపితే కూలి పోతుందని ఎండలోనే ఉండిపోయేవాళ్ల కోసమే కదా మీరిది చేస్తున్నది.

మనుషుల విషయం. ఎనిమిది నుంచి పదిమంది చాలు, రోజుకి వంద వస్తాయి. కుట్టుపని చేసే ఆడవాళ్ల చేతులు ఈ పనికి బాగా పనికొస్తాయి, సన్నని పని ఓపికగా చేస్తారు. మీ దగ్గర చేరేవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివినవాళ్లే ఎక్కువ, కొందరికి కోంధుల భాష కువి తప్ప ఏదీ అలవాటుండదు. కాబట్టి పని సూచనలు అక్షరాల మీద ఆధారపడకూడదు. ప్రతి బల్ల దగ్గరా నాలుగు ఫొటోలు: మొదలు, మధ్య, పూర్తయినది, తప్పుగా అయితే ఎలా ఉంటుందో. కింద ఒక వరుస ఒడియాలో, ఒక వరుస తెలుగులో. ఇంగ్లీషు వద్దు. ఒక్కో బల్లకి ఒకే పని, ఒకే పనిముట్టు, స్క్రూడ్రైవరు బిగుతు ముందే సెట్ చేసి ఉండాలి. తప్పు చూపించినవాళ్లని మెచ్చుకోండి, దాచినందుకు కారణం మీ గొంతులో ఉండకూడదు. ముక్కకింత అని కూలి కట్టకండి, రోజు కూలి ఇవ్వండి. ముక్కల లెక్క పెడితే జిగురు ఆరేదాకా ఎవరూ ఆగరు.

మీ క్యాలెండరు కూడా మన ఊరిదే అయ్యుండాలి. కార్తీక మార్గశిరాల్లో కోతలకి సగంమంది రారు. జనవరిలో పుష్య పర్బ పండగ ఉంటుంది. మార్చి దాటి జూన్‌కి జారిపోయారంటే రజ పండగ మూడు రోజులూ ఆడవాళ్లు పని ముట్టరు. అసలు అప్పటికి రోహిణి కార్తె వెళ్లిపోతుంది, పట్టీలిచ్చి లాభం లేదు. దసరాకి ఫిక్చరు, సరిచేసిన బోర్డు డిజైను పూర్తవ్వాలి. దీపావళి తర్వాత రెండు వందలు ఫర్నేసులకి వెళ్లాలి, అక్కడ వేడికి కాలంతో పనిలేదు. కొత్త సంవత్సరానికి డైకి ఆర్డరు. ఫిబ్రవరి నడిమికి లైను మొదలు. ఇది బిగుతైన లెక్కే. ఆ రెండు వందల్లో పెద్ద తప్పు బయటపడితే మార్చిలో రెండు వేలు ఇవ్వలేరు. ఆ మాట కొనేవాళ్లతో ఇప్పుడే చెప్పండి, మార్చిలో కాదు. నవంబరులో 200, మార్చిలో 800, ఏప్రిల్ నడిమికి మిగతా వెయ్యి అని మూడు విడతలుగా రాయించుకోండి. ఒక్క విడతలోనే అన్నీ ఇవ్వాలని పట్టుబడితే ఆర్డరుని వెయ్యికి తగ్గించుకోవడమే నయం.

డబ్బు దగ్గర రెండు మూడు విషయాలు. భాగాలకి డబ్బు మొదటే వెళ్తుంది, అమ్మకం డబ్బు చివర వస్తుంది, మధ్యలో మీరు మునిగిపోకూడదు. అడ్వాన్సు లేకుండా రీళ్లు కొనకండి. చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యం రిజిస్ట్రేషను చేయించుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది, ఆ సంగతి ఇన్వాయిసు మీద రాయండి. విశాఖకో హైదరాబాదుకో జాబ్‌వర్కుకి భాగాలు పంపేటప్పుడు రాష్ట్రం దాటుతున్నారు కాబట్టి విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తప్పదు. డెలివరీ చలానా మీద జాబ్‌వర్కు అని స్పష్టంగా ఉండాలి, ఆ సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి. పార్వతీపురం దాటేటప్పుడు బండి ఆగిపోయి సెన్సర్లు ఎండలో రోజంతా నిలబడిన సందర్భాలు నాకు తెలుసు, కాగితం ఒక్కటి తక్కువై.

పాడైన వాటిని మార్చి ఇవ్వడానికి ప్రతి వందకీ ఐదు అదనంగా చేసి మీ దగ్గరే ఉంచండి, ధరలో ఆ ఖర్చు ముందే కలపండి. పాతది తిరిగి మీ చేతికి వచ్చాకే కొత్తది ఇస్తామని రాసుకోండి.

ముందు చెయ్యాల్సింది ఫిక్చర్ బొమ్మ. బోర్డు మీద టెస్ట్ పాయింట్లు ఎక్కడెక్కడున్నాయో, ఒక్కో దగ్గర కొలిచే విలువకి కింది హద్దు, పై హద్దు ఎంతో ఒక పట్టికలో రాసి ఇక్కడ పెట్టండి. హద్దులు ఊహించి రాయకండి, మీ అరవైలో తిరిగొచ్చిన పట్టీల్ని కొలిచి రాయండి. బాగున్నవీ, పాడైనవీ రెండూ. అది చూశాక పిన్నుల సంఖ్య, పలక మందం, ఏది రాయగడలో చేయించుకోవచ్చు, ఏది విశాఖ నుంచి తెచ్చుకోవాలన్నది చెబుతాను.